గోధుమ పిలకల జన్యువు పట్టాలంటే ముందు పిలకలు లెక్కపెట్టడం రావాలి

హైదరాబాద్‌లో గోధుమ మీద థీసిస్ అనగానే "ఇక్కడ గోధుమేంటి, వరి చేసుకోక" అంటారు. ఇక్కడా పండుతుంది, కాకపోతే చలి ఉండేది కొద్ది రోజులే కాబట్టి కార్తీకం దాటకుండా విత్తేయాలి. డిసెంబరు చివరికి జారిందంటే పిలకలు సరిగా వేయకముందే మొక్క పొట్టకొచ్చేస్తుంది, దుబ్బు కట్టే రకానికీ కట్టని రకానికీ తేడా తగ్గిపోతుంది, ఇక మ్యాప్ చేయడానికి, అంటే ఆ తేడాకి కారణమైన జన్యువు ఏ క్రోమోజోము మీద ఎక్కడుందో పట్టడానికి, ఏం మిగులుతుంది?

తల్లిదండ్రుల్లో ఒకటి బాగా పిలకలేసేదీ, ఇంకోటి రెండు మూడుతో ఆగిపోయేదీ తీసుకుని సంకరం చేయండి. ఎఫ్2లో (సంకరం తర్వాత రెండో తరం) ప్రతి మొక్క నుంచి ఒక్క గింజ, మళ్లీ దాన్నుంచి ఒక్క గింజ, ఇలా ఎఫ్7 దాకా వెళ్తే హెటిరోజైగసిటీ (ఒకే జన్యువుకి తల్లి రూపం, తండ్రి రూపం రెండూ ఉండటం) సగటున 1.6 శాతానికి దిగుతుంది. ఏడాదికి ఒక్క పంటే వేస్తూ కూర్చుంటే పెళ్లీ పిల్లలూ అయిపోతాయి గానీ లైన్లు (ఇలా స్థిరపడ్డ వంశాలు) తయారవవు. అందుకే గోధుమ వాళ్లు వేసవిలో గింజలు నీలగిరుల్లోని వెల్లింగ్టన్ పంపి రెండో తరం తీసుకుంటారు. ఎవరి దగ్గరైనా 150–200 లైన్లు సిద్ధంగా ఉంటే మొహమాటపడకుండా అడిగేయండి.

ఇక లెక్క. మొక్కకీ మొక్కకీ కనీసం 10 సెంటీమీటర్లు ఎడం ఉండాలి, ఒత్తుగా వేస్తే నీడకి పిలక మొగ్గలు లేవనే లేవవు. సాలు చివరి మొక్కల్ని లెక్కలోకి తీసుకోవద్దు, పక్కన ఖాళీ దొరికి అవి ఎక్కువ వేస్తాయి. మూడాకులప్పుడే లైనుకి ఐదు మొక్కలు ఎంచుకుని ప్రధాన కాండానికి ఎర్ర ఊలు దారం వదులుగా కట్టండి. నాలుగో ఆకు వస్తుండగా మొదటి ఆకు మొదట్లోంచి తొలి పిలక తొంగిచూస్తుంది. ఆ తర్వాత దారం లేకపోతే ఏది తల్లి, ఏది పిల్ల అన్నది ఎవరికీ తెలీదు.

మేం దారం కట్టలేదు. పైగా మొదటి సగం లైన్లు నా ఫ్రెండ్, మిగతా సగం నేను లెక్కపెట్టాం. గ్రాఫ్ గీస్తే రెండు గుట్టలు! పెద్ద ప్రభావమున్న జన్యువే దొరికిందని ఆ సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు కూడా అయ్యాయి. వారం తర్వాత బయటపడింది, ఎడమ గుట్టలో దాదాపు అన్నీ వాడివే: నేను ప్రధాన కాండాన్ని కలిపాను, వాడు కలపలేదు.

ఇంకోటి, 45 రోజులప్పటి లెక్క, కోతప్పటి కంకుల లెక్క విడివిడిగా రాయండి. మధ్యలో చాలా పిలకలు చచ్చిపోతాయి, రెండూ వేరే లక్షణాలు.

మార్కర్ల (డీఎన్ఏలో తల్లిదండ్రుల తేడా చూపే గుర్తులు) దగ్గర జాగ్రత్త: గోధుమలో ఏ, బీ, డీ అని మూడు జీనోములు, ఒక్కోదాంట్లో 7 జతల క్రోమోజోములు. ఒకే మార్కర్ మూడింటికీ అతుక్కుని అన్ని లైన్లూ హెటిరోజైగస్ అన్నట్టు చూపిస్తుంది, అలాంటివి పారేయండి. ఆర్ఐఎల్‌లో (పైన చెప్పిన స్థిరపడ్డ లైన్లే) తల్లి, తండ్రి రూపాల 1:1 నిష్పత్తి బాగా తప్పినవాటినీ ఓసారి అనుమానించండి.

ఆ పైన మార్కర్లనీ పిలకల లెక్కనీ పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ ఆర్/క్యూటీఎల్‌లో ఓ మధ్యాహ్నం పని. ఎల్ఓడీ (అక్కడ జన్యువుందనడానికి ఆధారం ఎంత బలమో చెప్పే స్కోరు) 3 దాటిందని ఎగరకుండా 1000 పర్ముటేషన్లు (పిలకల లెక్కల్ని లైన్ల మధ్య కలగాపులగం చేసి మళ్లీ చూడటం) నడిపి మీ డేటాకి తగిన హద్దు తెచ్చుకోండి. పీక్ (ఆ స్కోరు శిఖరం) 1ఏ క్రోమోజోము పొట్టి భుజం మీద పడితే కొత్తదని ప్రకటించేముందు, పిలకల్ని అణిచే టిన్ జన్యువు ఉండేది అక్కడేనని గుర్తుంచుకోండి. ఇంకెక్కడ పడినా అది ఒక ప్రాంతమే, దాని కింద వందల జన్యువులుండొచ్చు. మరుసటి ఏడాది అవే లైన్లు మళ్లీ వేసి అదే చోట పీక్ వస్తుందేమో చూడండి, ఈసారి లెక్క మొత్తం ఒక్కరే పెట్టండి.