పాట ప్రాణం, ఆ ముక్క మాత్రం వద్దు: ఇంట్లో కూర్చుని పాట కోసుకోవడం ఎలా

పాట మొదలవగానే వాల్యూమ్ పెంచి, సరిగ్గా రెండో నిమిషం దగ్గరికి రాగానే చెయ్యి ఫోన్ మీదికి పోయే పాట మీకూ ఒకటి ఉండే ఉంటుంది. పల్లవి ప్రాణం, మొదటి చరణం ఇంకా ప్రాణం, ఆ తర్వాత వచ్చే ర్యాప్ ముక్కో, హీరో డైలాగో, చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుండే కీబోర్డ్ చప్పుడో మాత్రం భరించలేం. అంతమాత్రానికి పాటనే వదిలేసేవాళ్లు ఉన్నారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది, అందుకే నేను కోస్తాను.

ఇది నా వృత్తేం కాదు. హనుమకొండలో మా వాడ ఆడవాళ్లు బతుకమ్మ ఆడేటప్పుడు సౌండ్ బాక్సుల్లో పెట్టే పాటలతో అంటుకున్న పని. ఒక ఉయ్యాల పాటకు ఎవరో డీజే కొట్టి, నాలుగు వరసలకోసారి సైరన్ పెట్టి, మధ్యమధ్యలో తన పేరు తానే అరుచుకుంటూ వదిలాడు. మా పెద్దమ్మ ఎంగిలిపూల నాడే నన్ను పిలిచి, "అరే కొడుకా, పాట మంచిగనే ఉన్నది గని గా పీపీ సప్పుడు తీసెయ్యరాదు, చప్పట్లు కలుస్తలేవు" అన్నది. సద్దుల బతుకమ్మ వరకు టైం ఉంది కదా అనుకున్నా. ఆ తొమ్మిది రోజుల్లో నేర్చుకున్నదే ఇప్పుడు చెప్పేదంతా, ఆ తర్వాత చేసిన తప్పులు అదనం.

కత్తెర పట్టుకునే ముందు ఒక కాగితం, పెన్ను పట్టుకోండి. పాట మూడుసార్లు వినండి, విసుగొచ్చిన ప్రతిచోటా టైం రాసుకోండి, సెకన్లతో సహా. మనకు నచ్చనిది మనం అనుకున్నంత పెద్దది కాదని అప్పుడే తెలుస్తుంది. ఒక పాత సినిమా పాటలో రెండో చరణం మొత్తం నాకు పడదని ఏళ్ల తరబడి అనుకునేవాణ్ని. కూర్చుని రాసుకుంటే నన్ను విసిగిస్తున్నది చరణం కాదు, దాని ముందు బీజీఎంలో వచ్చే ఎనిమిది సెకన్ల వయొలిన్ల గోల. ఆ చిరాకులోనే చరణం మొదలవుతుంది కాబట్టి పాపం దాని మీద కూడా కోపం పెట్టుకున్నాను. ఆ ఎనిమిది సెకన్లు తీసేస్తే చరణం చక్కగా ఉంది.

రాసుకున్నాక ఆ చోట్లు చూస్తే విషయం తేలుతుంది: అది కోసి పారేయదగిన ముక్కా, పాటంతా ఉండే చప్పుడా, ఒకటి రెండు మాటలా, లేక అసలు పాట వేగమే మీకు పడట్లేదా? ఒక్కోదానికి మందు వేరు. అన్నింటికీ కత్తెర పెడితే పాట కుంటుతుంది.

ఫైల్ గురించి రెండు ముక్కలు. యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు చాలావరకు తాళం వేసి ఉంటాయి, ఎడిటర్‌లో తెరుచుకోవు. సీడీ నుంచి తీసుకున్నదో, డబ్బులు పెట్టి కొన్న ఎంపీ3నో కావాలి. ఎంపీ3ని సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, అందుకని పని జరిగినన్ని రోజులు వేవ్ ఫైల్‌గా (ఎన్నిసార్లు సేవ్ చేసినా నాణ్యత పోని రకం) ఉంచుకుని, ఆఖర్న ఒక్కసారే ఎంపీ3 చేయండి. సీడీ నాణ్యతలో వేవ్ నిమిషానికి పది ఎంబీ తింటుంది, నాలుగు నిమిషాల పాటకు నలభై. ఈ రోజుల్లో అదొక లెక్కా.

సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్లేదు, నేను వాడేది ఆడాసిటీ. ఉచితం. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఫోన్‌లో రింగ్‌టోన్ కట్ చేసే యాప్‌లు మొదలు చివర కోయడానికి పనికొస్తాయి గానీ నడిమధ్యలో ముక్క తీసి అతికించడానికి వాటితో కుస్తీ పట్టడం దండగ. పాట తెరిచి ప్లే చేయండి, విసుగు ముక్క మొదలైనప్పుడు కంట్రోల్-ఎం నొక్కండి, అయిపోయినప్పుడు మళ్లీ నొక్కండి, అక్కడ గుర్తులు పడతాయి. ఏదైనా తప్పు జరిగితే కంట్రోల్-జెడ్ ఉంది, భయం లేదు.

ఇప్పుడు అసలు పని. కొత్తగా కోసేవాళ్లందరూ చేసే తప్పు, నేనూ చేసిందే, విసుగు ఎక్కడ మొదలైతే అక్కడ, ఎక్కడ ఆగితే అక్కడ కోసేయడం. ముక్క పోతుంది, దాంతోపాటు తాళం కూడా పోతుంది, చప్పట్లు కొడుతున్న చెయ్యి గాల్లో ఆగిపోతుంది. దెబ్బ లెక్కన కోయాలి. ఒకటో దెబ్బ దగ్గర మొదలుపెడితే ముగింపు కూడా ఇంకో వరస ఒకటో దెబ్బ దగ్గరే ఉండాలి, మధ్యలో ఎన్ని ఆవృత్తాలు (తాళం ఒక పూర్తి చుట్టు తిరిగితే ఒక ఆవృత్తం) పోయినా పర్లేదు గానీ సగం ఆవృత్తం పోకూడదు. లెక్క ఇలా: పాటతో పాటు చప్పట్లు కొడుతూ 15 సెకన్లలో ఎన్ని పడ్డాయో చూడండి, నాలుగుతో గుణించండి. 25 పడితే నిమిషానికి 100. అంటే దెబ్బకు 0.6 సెకన్లు, నాలుగు దెబ్బల ఆవృత్తానికి 2.4, అలాంటివి ఎనిమిది తీస్తే 19.2 సెకన్లు. మీరు సెలెక్ట్ చేసింది 19 దగ్గర ఆగితే ఎక్కడో 0.2 సెకన్లు తప్పారని స్క్రీనే చెబుతుంది. అన్ని పాటలూ నాలుగు దెబ్బలవి కావు, మన జానపదాల్లో మూడు, ఆరు లెక్కన నడిచేవి బోలెడు, ముందు అది చూసుకోండి. ఇంకోటి, పాత పాటలను వాద్యగాళ్లంతా కూర్చుని కలిసి వాయించారు, కంప్యూటర్ టిక్ టిక్ లేదు, కాబట్టి వేగం కాస్త అటూ ఇటూ అవుతుంది. అక్కడ లెక్క దగ్గరి వరకే తీసుకెళ్తుంది, ఆఖరి మాట చెవిదే.

ఉయ్యాల పాటల్లో దీనికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. ఒకరు వరస అందుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని తిరిగి అందుకుంటారు. కోస్తే ఆ రెండూ కలిపి కోయాలి. నేను మొదట సైరన్‌తో పాటు ఒక చెప్పే వరసను తీసేసి, తిరిగి అందుకునే వరసను ఉంచాను. ఆడేవాళ్లు ఎవరికి జవాబిస్తున్నారో తెలియని గోల అయింది. కథ ఉన్న పాటైతే మరీ జాగ్రత్త, ఒక వరస పోతే అత్తారింటి నుంచి చెల్లె పుట్టింటికి గాల్లో ఎగిరి వచ్చినట్టు అవుతుంది.

సినిమా పాటల్లో మాత్రం ఒక సులువైన దారి ఉంది: పల్లవి నుంచి పల్లవికి దూకడం. మొదటి చరణం అయ్యాక పల్లవి వస్తుంది, రెండో చరణం అయ్యాక కూడా వస్తుంది. చాలా పాటల్లో ఆ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిదాని మధ్యలో ఏదో ఒక మాట దగ్గర ఆపి, రెండోదాంట్లో అదే మాట దగ్గర అందుకుంటే, ఆ మధ్యలోని రెండో బీజీఎం, రెండో చరణం మొత్తం మాయం. అతుకు మీకే కనబడదు. అదే చరణం ఆఖరి వరస తర్వాత కోసారనుకోండి, ఆ వరస గొంతును పైకి తీసుకెళ్లి పల్లవి కోసం చెయ్యి చాపి నిలబడుతుంది, అక్కడ పల్లవి లేకపోతే మెట్టు ఉందనుకుని అడుగేసినట్టు ఉంటుంది.

అతుకు దగ్గర టక్కుమని చప్పుడొస్తే కంగారొద్దు. రెండు అలలు కలవని చోట కోశారని అర్థం. కోసే ముందు ముక్కను సెలెక్ట్ చేసి జెడ్ నొక్కితే ఆ ముక్క అంచులు అల సున్నాను దాటే చోటికి వాటంతటవే కదులుతాయి. అయినా గొంతు తెగినట్టు అనిపిస్తే దానికి కారణం మారుమోత: పాడిన మాట అయిపోయినా దాని మోత కాసేపు ఉంటుంది, మీరు దాన్ని కూడా కోసేశారు. అప్పుడు రెండో ముక్కను కింది ట్రాక్‌లో పెట్టి, పై ముక్క తోకను నెమ్మదిగా తగ్గిస్తూ కొంచెం దాని మీదికి రానివ్వండి. సెకనులో పదో వంతు చాలు కొన్నిసార్లు.

సైరన్, డీజే పేరు సంగతికి వస్తే, అవి పాట మీద పడి ఉంటాయి. అక్కడ కోస్తే పాట వరస కూడా పోతుంది. నాకు పనిచేసింది ఇది: డీజే పాటల్లో బీట్ అంతా ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరిగేదే కదా, పేరు పడని చోట ఒక శుభ్రమైన ఆవృత్తాన్ని కాపీ చేసి, పేరు పడిన ఆవృత్తం స్థానంలో అతికించండి. పొడవు ఒకటే కాబట్టి మిగతా పాట తన చోటు నుంచి కదలదు. పాడే వరస మీదే అరిచి ఉంటే, ఆ వరస ఇంకోసారి ఎక్కడైనా వస్తుందేమో వెతకండి, జానపదాల్లో తప్పకుండా వస్తుంది.

పాటంతా ఉండే చప్పుడుకు కోత మందు కాదు, ఈక్వలైజర్ మందు, అంటే సన్న చప్పుళ్లను, బొంగురు చప్పుళ్లను విడివిడిగా పెంచే, తగ్గించే పనిముట్టు. చెవిలో గీసుకుపోయే గరుకు ఎక్కువగా రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, గాయని "స", "శ" అన్నప్పుడు వచ్చే బుస ఐదు నుంచి ఎనిమిది దగ్గర, గుండెల్లో గుద్దే బేస్ 60 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర. మూడు డెసిబెల్స్ తగ్గించి వినండి, చాలకపోతే ఇంకో రెండు. పది తగ్గిస్తే పాట దుప్పటి కింద నుంచి వినబడుతుంది.

మాట నచ్చకపోతే? పిల్లల ముందు పెట్టలేని మాట ఒకటి ఉంటుంది, మిగతా పాట బంగారం. బీప్ పెడితే అందరి చెవులూ సరిగ్గా అక్కడికే వెళ్తాయి, ఆ తెలివితక్కువ పని చేయకండి. పాత ఉపాయం ఎడమ చానెల్‌లోంచి కుడిదాన్ని తీసేయడం, గొంతు సాధారణంగా రెండింట్లో సమానంగా ఉంటుంది కాబట్టి పోతుంది, పోతూ పోతూ మధ్యలో ఉన్న డ్రమ్మును, బేస్‌ను కూడా తీసుకుపోతుంది. ఇప్పుడు గొంతును, వాద్యాలను విడదీసే ఉచిత సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, పాటలు వినిపించే డీజర్ అనే యాప్ కంపెనీ 2019లో వదిలిన స్ప్లీటర్ అలాంటిదే. వాద్యాల ముక్కను మాత్రం తీసుకుని ఆ ఒక్క మాట ఉన్న చోట పెడితే గాయకుడు గుటక వేసినట్టు ఉంటుంది, అంతే.

వేగం గురించి పెద్దమ్మే నాకు పాఠం చెప్పింది. సైరన్ తీసేసినా చప్పట్లు కలవలేదు. లెక్కపెడితే పాట 130, మా వాళ్ల చప్పట్లు 110. డీజే గాడు పరుగెత్తించాడు. ఆడాసిటీలో చేంజ్ టెంపో అని ఉంటుంది, శ్రుతి మారకుండా వేగం మాత్రం తగ్గిస్తుంది. 130 నుంచి 110 అంటే పదిహేను శాతం తగ్గింపు. నా చెవికి అదే హద్దు, అది దాటితే డోలు దెబ్బ బురదలో పడ్డట్టు వస్తుంది.

ఇంట్లో వినడానికి కోసుకుంటే అడిగేవాళ్లుండరు, 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. దాన్ని యూట్యూబ్‌లో పెట్టి "మా వెర్షన్" అనకండి, అది వేరే కథ.

కోసిన పాటను వారం రోజులు వినకుండా పక్కన పెట్టండి. ఒక పాటలో పల్లవికి ముందు వచ్చే డప్పు దరువు మరీ పొడుగుందని పదహారు దెబ్బలు తీసేసి మురిసిపోయాను. వారం తర్వాత వింటే పల్లవి చప్పగా ఉంది. ఆ ఎదురుచూపే పల్లవిని అంత తియ్యగా చేసిందట. తిరిగి పెట్టేశాను, ఇప్పటికీ అక్కడికొచ్చేసరికి కొంచెం విసుగొస్తుంది, రానీ.

పెన్‌డ్రైవ్‌లో వేసేటప్పుడు ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, చాలా సౌండ్ బాక్సులు వేరేవి చదవవు. పేర్ల వరసలో కాక కాపీ చేసిన వరసలో పాడే బాక్సులూ ఉంటాయి, కాబట్టి ఒక్కొక్కటే వేయండి. కోయని అసలు పాటను కూడా చివర్లో వేసి ఉంచండి. సద్దుల నాడు ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని పద్మాక్షి గుండం వైపు బయల్దేరాక వాడలో పోరగాళ్లు నా దగ్గరికొచ్చారు, "అన్నా, గా పీపీ పాట ఏది, అది పెట్టు" అని.