రొయ్యల గుంటల దగ్గర రాత్రి కెమెరా పెట్టించే ముందు

పట్టుబడి దగ్గర పడుతోంది, వానలూ రాబోతున్నాయి. అల్లూరు నుంచి కొత్తపట్నం దాకా గుంటల గట్లపై కెమెరాలు పెట్టించేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

పెట్టె మీద '30 మీటర్లు' అని ఉంటే నమ్మేయకండి. అది ఇన్‌ఫ్రారెడ్ వెలుగు (చీకట్లో చూడటానికి కెమెరా వేసే, కంటికి కనిపించని వెలుగు) చేరే దూరం, ముఖం గుర్తుపట్టే దూరం కాదు. 2.8 ఎంఎం లెన్స్‌లో గట్టంతా కనిపిస్తుంది కానీ పది మీటర్ల అవతల మనిషి ఎవరో చెప్పలేం. పోయిన ఏడాది మా మోటారు ఎత్తుకెళ్లినవాడు ఫుటేజీలో తెల్లటి మచ్చలాగే ఉన్నాడు, పోలీసులకు ఏం చూపించాలి? గేటుకు, మోటారు షెడ్డుకు తక్కువ వెడల్పునే దగ్గరగా చూపే 6 ఎంఎం లెన్స్ కెమెరా వేరేగా పెట్టించండి.

మెగాపిక్సెళ్లకంటే సెన్సార్ (వెలుతురును బొమ్మగా మార్చే చిప్) సైజు, ఎఫ్ నంబరు (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అది తగ్గితే వెలుతురు ఎక్కువ) అడగండి. ఎఫ్ 2.0 కంటే ఎఫ్ 1.0 నాలుగు రెట్లు వెలుతురు తీసుకుంటుంది.

రాత్రి కూడా రంగుల్లో చూపించే కెమెరాకు ఎంతో కొంత వెలుతురు కావాలి. దాని తెల్లలైటుకు పురుగులు మూగుతాయి, వాటికోసం సాలీడు గూడు కడుతుంది, ఇక తెరంతా తెలుపే.

షాపులో కాదు, చీకటి పడ్డాక మీ గట్టు మీదే మనిషిని నడిపించి చూడండి. నిలబడితే బాగుండి, నడిస్తే అలుక్కుపోయే బొమ్మ పనికిరాదు.

కేబుల్ పొడవైతే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలిగేసరికి వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగిపోవచ్చు.

ఉప్పుగాలికి ఇనుప క్లాంపులు వద్దు. కెమెరాకు ఐపీ (దుమ్ము, నీరు లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్) 66 లేదా 67 ఉండాలి.