కొర్నీలియా ఊరికి వెళ్తే ఒక రాత్రి ఉండండి

ఇటలీలోని చింక్వె తెర్రె అంటే ఐదు ఊళ్లు. నాలుగు నీళ్ల ఒడ్డునే ఉంటాయి. కొర్నీలియా ఒక్కటే దాదాపు వంద మీటర్ల ఎత్తున, కొండ కొన మీద ఉంటుంది. ఇక్కడ ఫెర్రీ ఆగదు, అందుకే జనం తక్కువ. మొదటిసారి నేను మధ్యాహ్నం రెండు గంటలు తిరిగి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాను. ఊరు ఏమీ అర్థం కాలేదు. రెండోసారి అమ్మతో రెండు రాత్రులు ఉన్నాను.

దగ్గర్లోని లా స్పెత్సియా నగరంలో లోకల్ రైలు ఎక్కితే ఐదింటిలో మూడో ఊరు ఇదే. స్టేషన్ కింద, ఊరు పైన. మధ్యలో లార్దరీనా అనే ఇటుక మెట్ల దారి, మొత్తం 382 మెట్లు. పెద్ద సూట్‌కేసు తేవద్దు. మోకాళ్ల నొప్పులున్నా టెన్షన్ పడక్కర్లేదు, స్టేషన్ నుంచి చిన్న బస్సు ఉంది. అమ్మను అందులోనే తీసుకెళ్లాను.

వియా ఫియెస్కి అనే సన్నని వీధి చివర సాంతా మరియా అరుగు ఉంటుంది. దాని కింద సముద్రమే. అందరూ అక్కడ ఫోన్లు తీస్తారు. మీరు కొండ వైపు కూడా తిరిగి చూడండి. ఇది మొదటి నుంచీ రైతుల ఊరు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గట్లు, వాటి మీద ద్రాక్ష తోటలు. అనంతపురం మెట్ట పొలాల్లో పెరిగిన అమ్మ సముద్రాన్ని కాసేపే చూసింది, గట్లను అరగంట చూసింది. "గట్టు పడితే మన్నంతా పోతుంది కదరా, మళ్లీ ఎవరు ఎత్తుతారు?" అంది. ఆమె భయం నిజమే. సాగు వదిలేసిన చోట గోడలు కూలి, కొండ జారుతుంది.

అందుకే పక్క ఊరు వెర్నాత్సా వైపు కాలిబాటలో నడిచేటప్పుడు గట్లెక్కవద్దు, రాళ్లు కదపవద్దు. ఆ నడక గంటన్నర పైనే పడుతుంది. మంచి బూట్లు వేసుకుని పొద్దున్నే బయల్దేరండి. ఆకలేస్తే శనగపిండితో కాల్చే ఫరినాతా అడగండి. ఈ ప్రాంతపు తిండే, మన శాకాహారులకు హాయి.

సాయంత్రం పర్యాటకుల రైళ్లు వెళ్లిపోయాక లార్గో తరాజియో అనే చిన్న కూడలిలో కూర్చోండి. మెల్లగా మాట్లాడండి, కిటికీలన్నీ వీధి మీదికే ఉంటాయి. మేమున్న రెండు రాత్రులూ అక్కడ వినిపించింది ఎవరింట్లోనో గిన్నెలు కడుగుతున్న చప్పుడే.