గ్రీసు దీవులకు యాట్‌లో వెళ్లే ముందు

పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి ఎన్నోసార్లు వెళ్లొచ్చాం, ఇదీ అంతేలే అనుకోకండి. ప్రకాశం బ్యారేజీ ఆపిన కృష్ణమ్మ నీళ్లు వేరు, ఏజియన్ సముద్రం వేరు.

ముందు నెల చూసుకోండి. జులై, ఆగస్టుల్లో అక్కడ మెల్టెమి అనే ఉత్తరపు గాలి ఒక్కోసారి రోజుల తరబడి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, పడవ మాత్రం ఊగిపోతుంది. మన పిల్లలకు మే సెలవులే నయం, నీళ్లు కాస్త చల్లగా ఉన్నా సరే. రోజుకో దీవి అని లెక్క కట్టొద్దు. వారానికి మూడు నాలుగు చాలు, ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచండి. గాలికి చిక్కుకుని విమానం తప్పిపోతే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

గ్రీసు వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి.

మనకు యాట్ నడిపే లైసెన్సు లేదు కాబట్టి స్కిప్పర్‌ను, అంటే పడవ నడిపే ఆయన్ను, మాట్లాడుకోవాలి. ఆయన ఈరోజు వద్దంటే ఇక వాదించకండి.

పెద్ద సూట్‌కేసులు వద్దు, మడత పెట్టగలిగే సంచులు తీసుకెళ్లండి. వాంతుల మాత్ర డాక్టర్‌ను అడిగి, పడవ కదలకముందే వేసుకోవాలి.

లైఫ్ జాకెట్ సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడినప్పుడు చాలామంది ఒంటిమీద జాకెట్ లేదు. పిల్లల సైజులు బుకింగ్ అప్పుడే అడగండి. రేవులోనే తొడిగి, బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే అది ఆ బిడ్డకు వదులు. మార్పించేదాకా పడవ ఎక్కించకండి.