మనిషిని అంచనా వేయడంలో ఎక్కడ తప్పుతున్నాం? సమస్య - పరిష్కారం

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతాను. సోషల్ సైకాలజీ అంటే ఏదో పెద్ద శాస్త్రం అనిపిస్తుంది గానీ, అది అడిగే మొదటి ప్రశ్న చిన్నదే: పక్కనున్న మనిషి ఎలాంటివాడో మనం ఎట్లా తేల్చుకుంటాం? ఆ తేల్చుకోవడంలో మాటిమాటికీ దొర్లే తప్పులు కొన్ని ఇవి.

సమస్య: ఎవరైనా ఆలస్యంగా వచ్చినా, మాట తప్పినా వెంటనే "వాని గుణమే అంత" అనిపిస్తోంది.

కళ్యాణదుర్గం అవతలి పల్లె నుంచి వచ్చే ఒకబ్బాయి రోజూ మొదటి పీరియడ్ సగమయ్యాక వచ్చేవాడు. "ఏమప్పా, చదువంటే లెక్క లేదా?" అని అందరి ముందూ అన్నాను. తల వంచుకుని కూర్చున్నాడు. వారం తర్వాత తోటి పిల్లలు చెప్పారు, ఆ ఊరికి పొద్దున ఒకటే పల్లెవెలుగు బస్సని. నేను ఆలస్యమైన రోజు మాత్రం ట్రాఫిక్ అని చెప్పుకుంటాను. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కారణం: ఎదుటివాడు చేసిన పని కళ్ళకు కనబడుతుంది, దాని వెనక ఉన్న పరిస్థితి కనబడదు. అందుకే తప్పంతా స్వభావానికి అంటగడతాం. 1977లో లీ రాస్ అనే సైకాలజిస్టు దీనికి ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్ అని పేరు పెట్టాడు. పరిస్థితికి ఎంత బలముందో అంతకుముందే, 1973లో, డార్లీ, బాట్సన్ చూపించారు. ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపారు. దారిలో ఒకతను మూలుగుతూ పడి ఉన్నట్టు ఏర్పాటు చేశారు. తీరిగ్గా వెళ్తున్నవాళ్ళలో 63 శాతం మంది సాయం చేస్తే, బాగా ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్ళలో చేసింది 10 శాతమే. అందరూ ఒకే చదువు చదివే పిల్లలే.

1984లో జోన్ మిల్లర్ చికాగో వాళ్ళనూ మైసూరు వాళ్ళనూ పోల్చింది. తెలిసినవాళ్ళ పనులకు కారణం చెప్పమంటే పెద్దవాళ్ళలో అమెరికన్లు స్వభావాన్ని ఎక్కువగా చెప్పారు, మైసూరు వాళ్ళు పరిస్థితిని ఎక్కువగా చెప్పారు. మైసూరు మనకు దూరమేమీ కాదు. "పాపం, వానికేం కష్టమొచ్చిందో" అనే మన అవ్వల మాటలో ఆ చూపే ఉంది. కోపమొచ్చినప్పుడు మనం మరిచిపోయేది దాన్నే.

పరిష్కారం: తీర్పు చెప్పే ముందు "ఇదే పని నేను చేసుంటే ఏ కారణం చెప్పుకునేదో" అని ఆలోచించండి. తర్వాత ఆ మనిషిని పక్కకు పిలిచి అడగండి, పదిమంది ముందు వద్దు. ఆ అబ్బాయిని నేను అట్లాగే పిలిచి క్షమించమన్నాను. వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల దగ్గర అదే తీరు పదే పదే కనబడితే అప్పుడు స్వభావం గురించి ఆలోచించొచ్చు.

సమస్య: మొదటి రోజు నచ్చని మనిషి తర్వాత ఏం చేసినా నచ్చడు.

కారణం: 1946లో సాలమన్ ఆష్ ఒక మనిషి గురించి ఆరు మాటలు చదివాడు. తెలివి, కష్టపడే గుణంతో మొదలై మొండితనం, అసూయతో ముగిసే వరస. ఇంకో గుంపుకు అవే మాటలు చివరి నుంచి చదివాడు. మంచి మాట ముందు విన్నవాళ్ళకు ఆ మనిషి మెరుగ్గా తోచాడు.

పరిష్కారం: కొత్త కోడలైనా, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళైనా, నెల తర్వాత మళ్ళీ మొదటిసారి చూసినట్టు చూడండి. పెళ్ళిచూపుల అరగంటకు మనం ఇస్తున్న బరువు నాకు అస్సలు నచ్చదు.

సమస్య: ఇంగ్లీషు బాగా మాట్లాడేవాడు అన్నిట్లో సమర్థుడిలా కనబడతాడు.

ఇది హేలో ఎఫెక్ట్, అంటే ఒక్క మంచి గుణం చూసి మిగతావన్నీ మంచివే అనుకోవడం. సైనికులకు అధికారులు వేసిన మార్కుల్లో 1920లోనే థార్న్‌డైక్ దీన్ని గమనించాడు. పేపర్లు దిద్దేటప్పుడు పేరు కనబడకుండా మడిచి, అందరి మొదటి ప్రశ్నా దిద్దాక రెండోది మొదలుపెడితే చాలావరకు తగ్గుతుంది.

సమస్య: "మీది సీమా? బాంబులేస్తారంట కదా!"

హైదరాబాద్ హాస్టల్లో చేరిన మా అమ్మాయిలు మొదటి వారంలో వినే మాట ఇది. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. సీమను సినిమాలోనే చూశారు, అంతే. "కోస్తావాళ్ళంతా ఇంతే" అనేటప్పుడు మనం చేసేదీ అదే పని.

పరిష్కారం: ఊరికే కలిసి ఉంటే చాలదు. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ నాలుగు షరతులు చెప్పాడు: సమాన హోదా, ఒకటే లక్ష్యం, చేయి కలిపి చేసే పని, పెద్దల మద్దతు. హాస్టల్లో వేర్వేరు ప్రాంతాల పిల్లలను ఒకే ప్రాజెక్టులో, ఒకే మెస్ కమిటీలో వేస్తే మొదటి మూడూ కుదురుతాయి. నాలుగోది వార్డెన్ చేతిలో ఉంది. బాంబుల మాట వినబడినప్పుడు నవ్వి ఊరుకోకుండా, "ఆ మాట ఇక్కడ వద్దు" అని ఆ రోజే చెప్పాలి.