మొజార్ట్ క్లారినెట్ అడాజియో: మొదటిసారి వినేవాళ్లకి

క్లారినెట్ అంటే మనకి పెళ్లి బ్యాండే గుర్తొస్తుంది. అదే వాయిద్యానికి ఆస్ట్రియా సంగీతకర్త మొజార్ట్ 1791లో, చనిపోవడానికి రెండు నెలల ముందు, ఒక కాన్చెర్టో (ఒక వాయిద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా నడిచే రచన) రాశాడు. దాంట్లో రెండో భాగం, అడాజియో, అంటే నిదానంగా సాగే భాగం, ఏడెనిమిది నిమిషాలుంటుంది. వెస్టర్న్ మ్యూజిక్ తెలియకపోయినా పర్వాలేదు, తీరిగ్గా వింటే చాలు.

నేనైతే నెల్లూరులో ట్రంకు రోడ్డు రద్దీ తగ్గాక, రాత్రి పదిన్నరకి మేడ మీద చాప వేసుకుని వింటాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టకండి, కింది స్వరాలు సరిగా వినపడవు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఉపోద్ఘాతం ఏమీ ఉండదు, క్లారినెట్టే మొదలెడుతుంది. కింది పంచమం, షడ్జం, గాంధారం, ఇలా మూడు మెట్లు మెల్లగా ఎక్కి, కాసేపు ఆగి, దిగుతుంది. స్వరాలు మన శంకరాభరణానివే, కాబట్టి చెవికి కొత్తగా ఉండదు, గమకాలు మాత్రం వెతక్కండి. తర్వాత అదే మాటని ఆర్కెస్ట్రా అంతా అందుకుంటుంది, భజనలో ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకున్నట్టు. ఇందులో ట్రంపెట్లు, డప్పులు లేవు, సన్నాయిలా పదునుగా మోగే ఓబోలు కూడా లేవు, అందుకే క్లారినెట్ చుట్టూ అంత మెత్తగా ఉంటుంది.

రెండోసారి వినేటప్పుడు వాద్యకారుడి ఊపిరిని గమనించండి. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం విన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, స్వరం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ సన్నగిల్లుతుందో చెవి దానంతటదే వెంటపడుతుంది. మంచి రికార్డింగ్‌లో స్వరానికి ముందు వాద్యకారుడు గాలి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది, నాకైతే ఒళ్లు జలదరించేది అక్కడే.

మధ్యలో క్లారినెట్ పైనుంచి ఒక్కసారిగా కిందికి దూకుతుంది, ఒకే మనిషి రెండు గొంతులతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మొజార్ట్ దీన్ని తన స్నేహితుడు స్టాడ్లర్ కోసం రాశాడు, ఆయన దగ్గర మామూలు క్లారినెట్ కంటే ఇంకా కిందికి వెళ్లే బాసెట్ క్లారినెట్ ఉండేది. దానితో వాయించిన రికార్డింగ్ దొరికితే అదే వినండి.

ఆ తర్వాత మొదటి పాటే తిరిగొస్తుంది, ఇంకా చిన్న గొంతుతో, దాదాపు గుసగుసలా. సౌండ్ పెంచకండి. ఆటోప్లే మాత్రం ముందే ఆపి పెట్టుకోండి, లేకపోతే చివరి స్వరం ఆరకముందే మూడో భాగం గంతులేస్తూ వచ్చేస్తుంది.