నికెల్ పూత చెడిందా? ముందు ఎక్కడ చెడిందో చూడండి

కరెంటుతో వేసే నికెల్ పూత తేడాగా రాగానే మన చెయ్యి బ్రైటనర్ (మెరుపు తెచ్చే మందు) డబ్బా మీదికే పోతుంది. మెరుపు తగ్గితే కాస్త, మచ్చ కనబడితే ఇంకాస్త. కొన్నాళ్లకు పూత పెళుసెక్కి, రేకు వంచితే చిట్లుతుంది. డబ్బా పక్కన పెట్టి వస్తువును చేతిలోకి తీసుకోండి. తప్పు అంచుల్లో ఉందా, లోపలి మూలల్లో ఉందా, పైకి చూసే ముఖం మీదే ఉందా? అంచులు, మొనలు కరెంటు ఎక్కువ లాగుతాయి, గుంటలకు తక్కువ అందుతుంది. కాబట్టి మచ్చ ఉన్న చోటే సగం కారణం చెప్పేస్తుంది.

ఇక్కడి లెక్కలు పూత తొట్టిలో నింపే వాట్స్ ద్రావణానివి. ఆలివర్ వాట్స్ 1916లో ప్రకటించిన కూర్పే కొద్ది మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది: లీటరుకు నికెల్ సల్ఫేట్ 240–300 గ్రాములు, నికెల్ క్లోరైడ్ 30–90, బోరిక్ ఆమ్లం 30–45. పీహెచ్ (ఆమ్లగుణం కొలత) 3.5–4.5, వేడి 45–65 డిగ్రీలు.

లోపలి మూలల్లో నలుపు, అంచులు మాత్రం శుభ్రం

కారణం: ద్రావణంలో రాగి గానీ జింకు గానీ కలిసింది. రాగి చాలా తేలిగ్గా పూతలోకి దిగుతుంది. అంచుల్లో నికెల్ జోరుగా పడుతుంటుంది కాబట్టి రాగి జాడ తెలియదు. కరెంటు అందని మూలల్లో నికెల్ నెమ్మదించి, రాగి వాటా పెరిగి నల్లబడుతుంది.

మాకోసారి మూడు రోజులు ఇదే గోల. ఏదైనా పడిందేమోనని తొట్టి అడుగున అయస్కాంతం తిప్పాం, ఏమీ రాలేదు. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ తట్టలేదు! చివరికి జల్లెడ గరిటెతో దేవితే, కొక్కెం నుంచి జారిన ఇత్తడి బిళ్ల వచ్చింది, సగం కరిగి.

పరిష్కారం: పడిన వస్తువు తీసేయండి. ముడతలు పెట్టిన ఉక్కు రేకును శుభ్రం చేసి వేలాడదీసి, చదరపు డెసిమీటరుకు 0.2–0.5 ఆంపియర్ల దగ్గర డమ్మీ నడపండి, అంటే మలినం దిగేందుకు ఆ రేకు మీదే ఉత్తుత్తి పూత వేయండి. ద్రావణం కదులుతూనే ఉండాలి. ముడతల లోతుల్లో ముదురు రంగు పడటం ఆగేదాకా, గంటలు పట్టినా సరే, ఓపిక పట్టండి. రేకును కరెంటు ఉండగానే బయటికి తీయండి, లేకపోతే పొడిగా పట్టిన మలినం మళ్లీ తొట్టిలోకే రాలుతుంది.

పెచ్చులుగా ఊడుతోంది

ఊడిన చోట కింద ఏముందో చూడండి. అసలు లోహం కనిపిస్తే తప్పు తొట్టిలో లేదు, కడుగుడులో ఉంది. కడిగిన వస్తువు మీద నీళ్లు తెగకుండా ఒకే పొరలా నిలవాలి. చుక్కలుగా విడిపోతే నూనె ఇంకా ఉన్నట్టే. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఎంత కడిగినా చాలదు, దాని ఆక్సైడ్ పొర క్షణాల్లో మళ్లీ ఏర్పడుతుంది. అందుకు వుడ్స్ స్ట్రైక్ అనే తొలిపూత ద్రావణం కావాలి: లీటరులో నికెల్ క్లోరైడ్ 240 గ్రాములు, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 125 మిల్లీలీటర్లు. ఇందులో కొద్ది నిమిషాలు పలచటి పూత వేసి, కడిగి, ఆరనివ్వకుండా అసలు తొట్టిలోకి దించాలి.

ఊడిన చోట కింద కూడా నికెలే కనిపిస్తే, మధ్యలో కరెంటు తెగింది. కొక్కేలు, బస్‌బార్ (కరెంటు మోసే కడ్డీ) అతుకులు గీకి శుభ్రం చేయండి.

సూదితో గుచ్చినట్టు గుంటలు

హైడ్రోజన్ బుడగ అంటుకున్న చోట నికెల్ పడదు, చుట్టూ పెరుగుతుంది. తడిపే మందు (బుడగ అంటుకోకుండా జారిపోయేలా చేసేది) తగ్గడం, కదలిక చాలకపోవడం, బోరిక్ ఆమ్లం పడిపోవడం మామూలు కారణాలు. వీటిని సరిచేశాక కూడా గుంటలు పోకపోతే నూనె, లేదా విరిగిపోయిన బ్రైటనర్ ముక్కలు పేరుకున్నట్టు. అప్పుడు శుద్ధి తప్పదు. ద్రావణాన్ని వేరే తొట్టిలోకి మార్చి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా కలపండి. 60–65 డిగ్రీల దగ్గర ఉంచి, మిగిలిన పెరాక్సైడ్‌ను పూర్తిగా పోగొట్టండి. ఆ తర్వాతే లీటరుకు 2–5 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ వేసి, కొన్ని గంటలు కలిపి, తేరనిచ్చి వడకట్టండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నికెల్ తుంపర పీల్చడం క్యాన్సర్ ముప్పు, కాబట్టి గాలి లాగే ఫ్యాన్ నడుస్తూ ఉండాలి.

కార్బన్ మంచి బ్రైటనర్‌ను కూడా మింగేస్తుంది. మళ్లీ ఎంత పోయాలో ఊహించకండి, హల్ సెల్ అనే చిన్న పరీక్ష తొట్టి‌లో చూడండి. రిచర్డ్ హల్ పేటెంటు 1939లో వచ్చింది. క్యాథోడ్ రేకు (పూత పడేది) ఏటవాలుగా ఉండటంతో ఎక్కువ కరెంటు నుంచి తక్కువ దాకా పూత ఎలా పడుతుందో ఒకే రేకు మీద కనిపిస్తుంది. అందులో పోసే ద్రావణం 267 మిల్లీలీటర్లు, ఆ వింత కొలతకూ లెక్కుంది: అందులో 2 గ్రాములు వేస్తే, అమెరికన్ గాలన్‌కు ఒక ఔన్సు వేసినట్టు.

అంచులు మాడి, గరుకుగా

ముందు థర్మామీటర్ చూడండి. చల్లబడిన తొట్టిలో బోరిక్ ఆమ్లం స్ఫటికాలుగా అడుగుకు దిగుతుంది, అంచులు మాడతాయి. వేడి సరిగ్గానే ఉంటే నికెల్, బోరిక్ పాళ్లు పరీక్షించి, కరెంటు తగ్గించండి.

పైకి చూసే ముఖం మీదే గరుకు

పైనుంచి నలుసులు దిగుతున్నాయి. యానోడ్‌కు (కరిగి నికెల్ అందించే లోహానికి) తొడిగిన సంచి చిరిగిందేమో, ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి. కఠిన జలం పోస్తుంటే కాల్షియం సల్ఫేట్ సూదులు కూడా ఇదే పని చేస్తాయి. డీఅయనైజ్డ్ నీళ్లకు మారండి.

వోల్టేజీ పెరుగుతోంది, పీహెచ్ పడిపోతోంది

మామూలుగా ఈ తొట్టిలో పీహెచ్ మెల్లగా పెరుగుతుంది, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో దించుతుంటాం. ఎదురు తిరిగి పడిపోతోందంటే యానోడ్ కరగడం మానేసి ఆక్సిజన్ వదులుతోంది. యానోడ్ నికెల్ ముక్కలు ఉండే టైటానియం బుట్టను కుదిపి చూడండి, పైకి నిండుగా కనిపించినా మధ్యలో నికెల్ ముక్కలు ఇరుక్కుని, కింద ఖాళీ ఉంటుంది. నింపాక కూడా మారకపోతే క్లోరైడ్ పరీక్షించి, తక్కువైనంత కలపండి.